రిచర్డ్ స్టాల్‌మన్: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమము

కంప్యూటరు ప్రోగ్రామునకు రెండు రూపములు కలవు. మనుష్యుడు చదివి సవరింపదగిన మూలపాఠము ఒకటి. యంత్రమునకై సిద్ధపరచిన సంకేతరూపము రెండవది. మూలపాఠమును దాచి రెండవదానిని మాత్రమే విక్రయించినచో, కొన్నవాడు దానిని వాడుకొనగలడే కాని పరిశీలించి దిద్దజాలడు. ఈ మూలపాఠముపై హక్కు ఎవరిది అను ప్రశ్నయే రిచర్డ్ స్టాల్‌మన్ జీవితమును నడిపినది. ఆ చరిత్రను ఇచ్చట సంగ్రహముగా వివరింపదలచితిమి.

స్టాల్‌మన్ 1953 మార్చి 16న న్యూయార్క్ నగరమున జన్మించెను. హార్వర్డ్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రమును అభ్యసించి 1974లో పట్టభద్రుడయ్యెను. విద్యార్థిగా నున్నప్పుడే, 1971లో, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందలి కృత్రిమ మేధా ప్రయోగశాలలో చేరెను. ఒకరు వ్రాసిన ప్రోగ్రామును మరియొకరు చదివి దిద్దుట అచ్చటి ఆచారము. 1976లో ఆయన గై స్టీల్‌తో కలిసి ఈమాక్స్ అను పాఠ్యసంస్కరణ సాధనమును రూపొందించెను.

1980 ప్రాంతమున ఈ ఆచారము సడలెను. ప్రయోగశాలలోని లేజరు ముద్రణయంత్రమున కాగితము తరచు చిక్కుకొనుచుండెను. పూర్వపు యంత్రమున అట్లు జరిగినప్పుడు వేచియున్నవారికి తెలియునట్లు ఆయన ప్రోగ్రామును దిద్దియుండెను. క్రొత్తదాని మూలపాఠము దొరకలేదు. అది కలిగియున్న పరిశోధకుడు, పరులకీయనని ఒప్పందము చేసియుండుటచే నిరాకరించెను. చిన్న సంఘటనయే, కాని పరస్పర సహాయమును నిషేధించు ఒప్పందము అధర్మమని ఆయన నిశ్చయించుకొనెను.

1983 సెప్టెంబరు 27న యూనిక్స్ వంటి సంపూర్ణవ్యవస్థను స్వేచ్ఛగా నిర్మింపదలచి గ్నూ ప్రణాళికను ప్రకటించెను. తన రచనపై సంస్థ హక్కు కోరకుండుటకై 1984 జనవరిలో ఉద్యోగము వీడెను. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనును స్థాపించెను. 1989లో వెలువడిన గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సునందలి యుక్తి గమనింపదగినది. గ్రంథస్వామ్యము సాధారణముగా ప్రతులను నిషేధించుటకు వినియోగపడును. ఈ లైసెన్సు ఆ హక్కుచేతనే ప్రతులకు, మార్పులకు అనుమతి నిచ్చి, మార్చి పంచువాడు తాను పొందిన స్వేచ్ఛను గ్రహీతకును ఈయవలెనని నిబంధించును. దీనికే కాపీలెఫ్ట్ అని పేరు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన లినక్స్ 1992లో ఈ లైసెన్సుక్రిందికి వచ్చి, గ్నూ వ్యవస్థకు కొరవడిన కేంద్రభాగమును సమకూర్చెను.

‘ఓపెన్ సోర్స్’ అను పేరు 1998లో పుట్టినది. అది పనితనమునకే ప్రాధాన్యమిచ్చి నీతిని మరుగుపరచునని స్టాల్‌మన్ దానిని అంగీకరింపలేదు. ఆంగ్లమున ‘ఫ్రీ’ యను శబ్దము వెల లేమిని, స్వాతంత్ర్యమును రెండింటిని తెలుపుటచే భ్రాంతి కలుగుచున్నది. తెలుగున ‘ఉచితము’, ‘స్వేచ్ఛ’ అని వేరు పదములు కలవు. కావున ‘ఉచిత సాఫ్ట్‌వేర్’ అని అనువదించుట అర్థమును చెరచుటయే యగును. వెల గొనుట ఆయనకు నిషిద్ధము కాదు.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా, 2009 వరకు, ఆయన సంస్థ రచించిన గ్నూ స్వేచ్ఛాపత్ర లైసెన్సు క్రిందనే వెలువడెను.

తన వ్యాఖ్యలపై తీవ్ర విమర్శ రేగగా స్టాల్‌మన్ 2019లో ఫౌండేషను అధ్యక్షపదవిని వీడెను. 2021లో ఆయన పాలకవర్గమున మరల చేరుటయు వివాదాస్పదమయ్యెను. వ్యక్తిపై అభిప్రాయభేదములుండవచ్చును. కాని పాఠమును పరిశీలించి, శోధించి, పరులకు అందించు హక్కు లేనిచోట విద్య వర్ధిల్లదను ఆయన సిద్ధాంతము పాఠపరిష్కర్తలమగు మనకు సుబోధమే.