టీకా పొక్కు - కంటికి ముప్పు

ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో ప్రయోగించి చూపిన మశూచి టీకా ప్రాణములనే గాక చూపును గూడ కాపాడినది. మశూచికము సోకి బ్రతికినవారిలో కొందరు కండ్లు పోగొట్టుకొనెడివారు. అయినను టీకా వేయించుకొన్న కొలదిమందికి కనురెప్పలు వాచి, కన్ను ఎఱ్ఱబడెడిది. కారణమేమి?

ఆ టీకాలో వాక్సీనియా అను సజీవ వైరస్ ఉండును. టీకా వేసినచోట లేచిన పొక్కులో అది వృద్ధిచెందును; పెచ్చు రాలువరకు ఇతర భాగములకు అంటగలదు. పిల్లవాడు దురదకు పొక్కును గోకి, ఆ వ్రేళ్ళతోనే కన్ను నులిమినచో వైరస్ కంటికి చేరును. తరచుగా అది రెప్పలతోనే ఆగును. కాని కంటి ముందరి పారదర్శకమైన పొర, అనగా కార్నియా, పుండైనచో మచ్చ మిగిలి చూపు తగ్గవచ్చును. ఇట్టి మచ్చనే జనులు కంటిలో పువ్వు అందురు.

పొక్కును గుడ్డతో కప్పుట, తాకిన చేతులను సబ్బుతో కడుగుకొనుట - ఇవియే నివారణోపాయములు.

మశూచికము నిర్మూలనమైనదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. నేడు పిల్లలకు ఆ టీకా వేయుట లేదు. చంపిన క్రిములతో చేసిన టీకాలు ఈ విధముగా కంటికి అంటజాలవు. కనుక ఏ టీకా తరువాతనైనను కన్ను బాధించినచో, ముందుగా వైద్యునికి చూపవలెను; పిమ్మట అది ఏ టీకా, హాని ఏ మార్గమున కలిగెనని విచారింపవలెను. తరువాత వచ్చినదెల్ల దాని వలననే వచ్చినదని తలచుట శాస్త్రము కాదు.