రెక్కను పట్టి ఉంచే రబ్బరు బ్యాండ్లు



రిమోట్‌తో ఎగరేసే ట్రైనర్ విమానాల్లో కొన్నింటికి రెక్కను రబ్బరు బ్యాండ్లతోనే బిగిస్తారు. ‘స్క్రూలు లేవేమిటి?’ అని కంగారు పడకండి. నేర్చుకునే పిల్లల చేతిలో విమానం నేలను తాకడం మామూలే. అప్పుడు బ్యాండ్లు సాగి, రెక్క పక్కకు జరుగుతుంది. దెబ్బ తీవ్రత తగ్గి, చాలాసార్లు రెక్క విరగకుండా బయటపడుతుంది.

కానీ గాలిలో రెక్క కదిలితే విమానం అదుపు తప్పి ఎవరి మీదైనా పడవచ్చు. అందుకే ఎగరేసే ముందు ప్రతిసారీ మీ పిల్లలతో కలిసి ఇవి చూడండి:

1. రెక్క రెండు కొసల నుంచి తోక మధ్యకు దారంతో కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉండాలి.

2. బ్యాండ్లను ముందు పుల్ల నుంచి వెనక పుల్లకు తిన్నగా వేయండి. చివరి రెండింటిని గుణకారం గుర్తులా వేస్తే మిగతావి జారవు.

3. కిట్ పుస్తకంలో చెప్పిన సంఖ్యకు ఒక్కటి కూడా తగ్గించవద్దు. ఐదడుగుల రెక్కకు సాధారణంగా 10 నుంచి 12 వాడతారు.

4. పగుళ్లు వచ్చినవి, ఇంధనం జిడ్డు పట్టినవి తీసి కొత్తవి వేయండి.

పగిలిన బ్యాండ్ చూసి, ‘ఇది మార్చాకే ఎగరేద్దాం నాన్నా’ అని మీ పాపో, బాబో అన్న రోజున, ఆ విమానం వారికి అసలైన పాఠం నేర్పినట్టే.