మంటతో చల్లబడే పెట్టె

సరస్సు పక్కన బండి ఆగగానే అందరికన్నా ముందు జున్ను దూకింది. అక్కావాళ్ల లాబ్రడార్ అది. బావ దాని గిన్నె నిండా నీళ్లు పోసి బండి లోపల నేల మీద పెట్టాడు. జున్ను పరుగున వచ్చి తాగబోతే "ఆగమ్మా" అంటూ గిన్నెలోకి వంగి చూశాడు. నీళ్లు ఒక పక్క అంచును తాకుతున్నాయి, రెండో పక్క వేలెడు కిందికి ఉన్నాయి. దిగి, వెనక ఎడమ చక్రం దగ్గర ప్లాస్టిక్ ర్యాంపు పెట్టి, బండిని మెల్లగా దాని మీదికి ఎక్కించాడు. మళ్లీ చూస్తే నీళ్లు చుట్టూ సమంగా ఉన్నాయి. "ఇప్పుడు తాగు" అన్నాడు. అప్పటిదాకా ఫ్రిజ్‌ని గ్యాస్ మీదికి మార్చలేదు.

రాత్రి పడుకోవడానికి నేల సమంగా ఉండాలని ఇంత తంటా పడుతున్నాడేమో అనుకున్నాను. కాదట, ఫ్రిజ్ కోసమట.

ఆగస్టు మొదటి వారంలో స్టాక్‌హోమ్‌లో బయల్దేరాం. ఈ-4 రహదారి పట్టుకుని, సముద్రాన్ని కుడివైపు పెట్టుకుని, ఉత్తరాన హపరాండా దాకా వెళ్లి, అక్కడ నది దాటి ఫిన్లాండ్‌లోకి వెళ్లాలని. ముగ్గురం మనుషులం, ఒక కుక్క, ఒక క్యాంపర్ వ్యాన్. ఆ ప్రయాణంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్నది పొయ్యి పక్కన మోకాలెత్తు ఉన్న ఆ ఫ్రిజ్. ఎందుకంటే దానికి శబ్దం లేదు. "బావా, ఇది అసలు పనిచేస్తోందా?" అని అడిగితే నన్ను బయటికి తీసుకెళ్లి, గోడకున్న జాలీ ఊడదీసి, లోపల చూపించాడు. దీపం వత్తి కన్నా కాస్త పెద్దదైన నీలి మంట. ఆ మంటకు రెండు జానల దూరంలో, గోడకు అవతల, మా పెరుగు గిన్నె చల్లగా ఉంది.

మంట పెడితే చల్లబడటమేమిటి?

కుండ సంగతి మనకు తెలుసు. కుండ చెమరుస్తుంది, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని తీసుకుపోతుంది. ఏ ఫ్రిజ్‌లోనైనా జరిగేది ఇదే. ఏదో ఒక ద్రవం ఆవిరి కావాలి. ఆ ఆవిరిని పోనివ్వకుండా పట్టుకుని తిరిగి ద్రవం చెయ్యాలి, మళ్లీ ఆవిరి కానివ్వాలి. మన ఇళ్లలో ఈ చాకిరీ కంప్రెసర్ చేస్తుంది. దాని హోరే రాత్రిళ్లు మనకు వినపడేది.

కంప్రెసర్ లేకుండా చేసే దారి ఒకటి 1859లోనే ఫ్రాన్స్‌లో ఫెర్డినాండ్ కారే చూపించాడు. అమ్మోనియాకు నీళ్లంటే మహా ఇష్టం, విపరీతంగా కరిగిపోతుంది. ఆ ద్రావణాన్ని వేడి చేస్తే మళ్లీ విడిపోయి వాయువుగా బయటికొస్తుంది. కాబట్టి కంప్రెసర్ చేసే పని మంటతో చేయించవచ్చు. కాకపోతే కారే యంత్రంలో ఒక పక్క ఒత్తిడి ఎక్కువ, ఇంకో పక్క తక్కువ. తక్కువ వైపు నుంచి ఎక్కువ వైపుకు ద్రావణాన్ని తోయడానికి పంపు కావాలి. మంచు ఫ్యాక్టరీకి అది సరే, వంటింట్లో పెట్టుకునేది కాదు.

ఆ పంపును 1922లో ఇద్దరు కుర్రాళ్లు తీసేశారు. స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులు, బాల్ట్‌సర్ వాన్ ప్లాటెన్, కార్ల్ ముంటెర్స్. ఇద్దరికీ పాతికేళ్లు అటూ ఇటూ. ఒత్తిడిలో తేడా వల్లే కదా పంపు అవసరమైంది, అసలు అన్నిచోట్లా ఒకే ఒత్తిడి ఉంచితే? అలా ఉంచాలంటే గొట్టాల్లోకి మూడో మనిషిని పిలవాలి. వాళ్లు పిలిచింది హైడ్రోజన్‌ని.

ఈ ఆలోచన అర్థం కావడానికి దండెం మీద తడిచీర చాలు. నీళ్లు మరగాలంటే 100 డిగ్రీలు కావాలి, చీర ఆరడానికి అక్కర్లేదు. ఎండాకాలం పొడిగాలిలో గంటలో ఆరుతుంది, ముసురు రోజుల్లో రెండు రోజులైనా ఆరదు. గాలి మొత్తం ఒత్తిడి రెండు రోజుల్లోనూ దాదాపు ఒకటే. ఆ గాలిలో నీటి ఆవిరి ఇదివరకే ఎంత ఉందన్నదే లెక్క. ఆ ఫ్రిజ్ గొట్టాల్లో ఒత్తిడి మన గాలికి 20 రెట్ల పైనే ఉంటుంది. అంత ఒత్తిడిలో అమ్మోనియా 50 డిగ్రీల దాకా మరగదు. కానీ చల్లటి అర పక్కనున్న గొట్టంలో దానికి హైడ్రోజన్ ఎదురవుతుంది. తడిచీరకు పొడిగాలి ఎలాగో అమ్మోనియాకు హైడ్రోజన్ అలాగ. సున్నా కన్నా కింది డిగ్రీల్లో కూడా అమ్మోనియా చక్కగా ఆరిపోతుంది, ఆరుతూ అరలోని వేడిని లాగేస్తుంది. అమ్మోనియా కలిసిన హైడ్రోజన్ బరువెక్కి కిందికి జారుతుంది. కింద నీళ్లు అమ్మోనియాను తాగేస్తాయి, తేలికపడిన హైడ్రోజన్ తిరిగి పైకి పోతుంది. ద్రావణం మంట దగ్గరికి చేరుతుంది. ఎసరు పొంగి మూతను ఎత్తినట్టు, అక్కడ పుట్టే బుడగలే సన్నటి గొట్టంలో ద్రావణాన్ని పైకి ఎత్తుతాయి. మరొక చోట అమ్మోనియా చల్లబడి ద్రవమై మళ్లీ అర దగ్గరికి వెళుతుంది. కదిలే ఇనుప ముక్క ఒక్కటీ లేదు. నాకైతే ఇంజనీరింగ్‌లో ఇంత అందమైన ఆలోచన అరుదుగా కనిపిస్తుంది.

ఇక బావ గిన్నె సంగతి. ఇక్కడ పంపు లేదు కాబట్టి ద్రవాలన్నీ పల్లానికి పారాల్సిందే. బండి ఒరిగి నిలబడితే ద్రావణం ఎక్కడో గుంటలో ఆగిపోతుంది, మంట మీద గొట్టం ఎండి మాడుతుంది. తుప్పు పట్టకుండా కలిపిన లవణం అక్కడ గడ్డకట్టి దారి మూసేస్తుంది. అలా మూసుకుపోయినదాన్ని బాగుచేయడం దాదాపు కుదరదు. రోడ్డు మీద ఊగిపోతూ వెళ్లినప్పుడు భయం లేదు, ద్రవం అటూ ఇటూ తొణుకుతూ సర్దుకుంటుంది. వంకరగా నిలబెట్టడమే ప్రమాదం. తాపీమేస్త్రీ రసమట్టంతో చూసేదాన్ని బావ జున్ను గిన్నెతో చూశాడు.

ప్లాటెన్, ముంటెర్స్‌ల పేటెంట్‌ను ఎలక్ట్రోలక్స్ సంస్థ కొని 1925లో ఫ్రిజ్‌లు మార్కెట్లోకి తెచ్చింది. తొలి నమూనాలకు కుళాయి నీళ్లు పారుతూ వేడిని తీసుకుపోవాలి. 1930ల తొలినాళ్లలో గాలికే చల్లబడే రకం వచ్చాక కరెంటు, కుళాయి రెండూ లేని ఇంటికీ ఫ్రిజ్ చేరగలిగింది. ఆ కాలపు కంప్రెసర్ ఫ్రిజ్‌ల్లో వాడిన వాయువులు విషం. బెర్లిన్‌లో ఒక కుటుంబం ఫ్రిజ్ లీకేజీకి చనిపోయిందన్న వార్త చదివి అయిన్‌స్టీన్, మరో భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్‌తో కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్‌ల మీద ఏళ్లపాటు పనిచేశాడు. వాళ్ల పేటెంట్‌నూ ఎలక్ట్రోలక్స్ కొన్నది. అంతలో ఫ్రియాన్ అనే విషం కాని వాయువు వచ్చింది. విషం భయం తగ్గేసరికి ఇళ్లన్నీ కంప్రెసర్ వైపు వెళ్లాయి.

ఇళ్లు వదిలేసిన ఈ పెట్టెకు చక్రాల మీది ఇళ్లలో చోటు దొరికింది. ఇంజన్ నడుస్తుంటే బండి బ్యాటరీ కరెంటు, క్యాంపింగ్ స్థలంలో 230 వోల్టుల ప్లగ్గు, అడవి పక్కన గ్యాస్. మూడింటిలో ఏదైనా దానికి కావలసింది వేడే. గ్యాస్ మీద రోజుకు సుమారు 300 గ్రాములు ఖర్చవుతుంది. ఉత్తరాది దేశాల్లో సిలిండర్లో ప్రొపేన్ నింపుతారు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా మొరాయించదు. ఓడ ఎక్కేటప్పుడు మాత్రం సిలిండర్ మూసేయాలి.

జున్నుకూ ఇలాంటి నియమాలున్నాయి. స్వీడన్‌లో మార్చి 1 నుంచి ఆగస్టు 20 దాకా అడవిలో కుక్కను విచ్చలవిడిగా వదలకూడదు, పక్షులూ జంతువులూ పిల్లల్ని పెంచే కాలం. ఫిన్లాండ్‌లోకి వెళ్లాలంటే 24 నుంచి 120 గంటల ముందు పశువైద్యుడు బద్దెపురుగుల మందు వేసి దాని పాస్‌పోర్టులో రాయాలి. దారిలో లూలియో పట్టణంలో ఆ పని చేయించుకుని, గంటలు లెక్కపెట్టుకుని సరిహద్దుకు వెళ్లాం. ఆ గంటల్లో ఒక రాత్రి నది ఒడ్డున గడిచింది. నా తల దగ్గర ఫ్రిజ్, నా కాళ్ల దగ్గర జున్ను. కుక్క ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు.

మన ఊళ్లలోనూ ఈ యంత్రం ఉంది. పెద్ద హోటల్ గదుల్లో మంచం పక్కన చప్పుడు చెయ్యని చిన్న ఫ్రిజ్‌లు చాలావరకు ఈ వంశానివే, మంట బదులు కరెంటు హీటరుతో. అక్కడ ఏసీ ఉంది కాబట్టి బతికిపోతోంది. మే నెల ఎండలో బండిలో పెడితే చేతులెత్తేస్తుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలి కన్నా ఒక మేరకే చల్లబరచగలదు. ఒకే చల్లదనానికి కంప్రెసర్ కన్నా ఎన్నో రెట్లు శక్తి తింటుంది కూడా. లిథియం బ్యాటరీలు, కప్పు మీద సోలార్ పలకలు చౌకయ్యాక క్యాంపర్ వ్యాన్లు కూడా కంప్రెసర్‌కే మారుతున్నాయి.

ఈ వేసవిలో అక్కావాళ్లు అద్దెకు తీసుకున్న బండిలో ఉన్నదీ అదే. ఎంత ఒరిగినా పనిచేస్తుంది, గిన్నెలోకి వంగి చూడక్కర్లేదు. రాత్రిళ్లు మోటారు అందుకున్నప్పుడల్లా జున్ను నిద్రలోనే ఒక చెవి పైకెత్తుతుందట.