ఎడారి పువ్వుకు కోనసీమ చుట్టాలు

అమెరికా నైరుతి ఎడారుల్లో, ఇసుక దిబ్బల మీద, పొద్దువాలాక విచ్చుకునే తెల్లపువ్వు ఒకటుంది. శాస్త్రీయనామం ఈనోథెరా డెల్టాయిడిస్. రాత్రంతా పెద్ద పెద్ద చిమ్మటలకు విందు పెట్టి, మర్నాడు గులాబిరంగుకు తిరిగి వాడిపోతుంది. మొక్క చచ్చాక ఇంకో వింత: ఎండిన కొమ్మలు పైకి ముడుచుకుని అచ్చం పిట్ట పంజరంలా మిగులుతాయి. ఆకు గ్రీకు అక్షరం డెల్టాలా ముక్కోణంగా ఉంటుందని ఆ పేరు. డెల్టా అనగానే మనవాళ్లకు గోదారే గుర్తొస్తుంది కదా!

ఈ పువ్వు కుటుంబపు రికార్డులు మామూలువి కావు. 1879లో అమెరికాలోని మిచిగన్‌లో విలియం బీల్ అనే ఆచార్యుడు రకరకాల కలుపు విత్తనాలను ఇసుకతో కలిపి సీసాల్లో పాతిపెట్టాడు. ఎనభై ఏళ్లకు తీసిన సీసాలో మొలకెత్తిన కొద్ది రకాల్లో ఈనోథెరా జాతి మొక్క ఒకటి. మన ఇంట్లో పాదులకని దాచిన విత్తనాలు రెండేళ్లకే పుచ్చిపోతాయి! సముద్రపొడ్డు ఇసుకలో పెరిగే ఇంకో ఈనోథెరాకు తేనెటీగ రొద వినిపిస్తే, మూడు నిమిషాల్లో తేనెలో తీపి పెరుగుతుందని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2019లో ప్రకటించారు. చెవుల్లేని పువ్వుకు ఆ వినికిడేమిటో!

మన కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట బోదెల్లో దిగితే ఈ కుటుంబమే ఎదురవుతుంది. ఇక్కడివి లుడ్విజియాలు. ఎడారి మొక్కకు చుక్క నీరు కరువైతే, వీటికి బురదే ఇల్లు. రైతుకు మాత్రం ఉత్త కలుపు. పసుపు పువ్వు రాలాక మిగిలే కాయ, తలమీద నాలుగు రక్షకపత్రాలతో, పెద్ద లవంగంలా ఉంటుంది. అందుకే మలయాళంలో దీన్ని నీటిలవంగం అంటారు. మన పాత నిఘంటువుల్లోని నీరుయగ్నివేండ్రం ఈ రకమే.

ఏది ఏ లుడ్విజియానో గుర్తుపట్టడానికి లెక్క వస్తే చాలు. పసుపు రేకులు నాలుగు, కేసరాలు ఎనిమిది ఉంటే ఆక్టోవాల్విస్. పువ్వు చిన్నదై, కేసరాలు కూడా నాలుగే ఉంటే పెరెన్నిస్. నీటిమీద తేలుతూ, తెల్లటి దూదిలాంటి వేళ్లతో, పసుపు మొదలున్న అయిదు తెల్లరేకులు విప్పితే అడ్సెండెన్స్. ఎడారి అక్కకైతే రేకులు నాలుగు, కేసరాలు ఎనిమిది, కీలాగ్రం కూడిక గుర్తులా నాలుగుగా చీలి ఉంటుంది.

అయితే ఒక మాట. అక్కది రాత్రి కాపురం, చెల్లెళ్లది పగటి కాపురం. లెక్కపెట్టాలనుకుంటే పొద్దున్నే గట్టుకు వెళ్లండి. సాయంత్రానికి రేకులు రాలిపోతాయి.