ఎనిమిదో నెలలో ఫీవర్ వార్డు డ్యూటీ

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కరోనా కేసు నెల్లూరులోనే తేలింది. 2020 మార్చి 12న, ఇటలీ నుంచి వచ్చిన ఒక యువకుడికి. గూడూరు అప్పటికింకా నెల్లూరు జిల్లాలోనే ఉంది. తిరుపతి జిల్లాలోకి వెళ్లింది 2022 ఏప్రిల్‌లో. రైల్వే జంక్షన్, నిమ్మకాయల మార్కెట్, చెన్నైకి పోయే హైవే ఉన్న ఊరికి అంటుజబ్బు రావడానికి వేరే దారి అక్కర్లేదు. 2020 మే నెలలోనే చెన్నై కోయంబేడు మార్కెట్‌కు వెళ్లొచ్చినవాళ్ల నుంచి నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో కేసులు పెరిగాయి. ఇంటింటి సర్వేకు తిరిగిన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు అందరూ ఆడవాళ్లే. వార్డుల్లోని స్టాఫ్ నర్సుల్లోనూ ఎక్కువమంది వాళ్లే. వీళ్లలో చాలామంది పిల్లలు కనే వయసువాళ్లు. డ్యూటీ చార్టులో ఏ నెలలో చూసినా కడుపుతో ఉన్న నర్సు ఒకరైనా ఉండటం మామూలు సంగతే. ఆసుపత్రులు మాత్రం అదేదో అనుకోకుండా వచ్చిపడిన ఇబ్బందిలా చూస్తాయి.

గర్భిణికి రోగనిరోధక శక్తి తగ్గిపోతుందని అందరూ అంటుంటారు. అందులో నిజం సగమే. బిడ్డ జన్యువుల్లో సగం తండ్రివి, అంటే తల్లి ఒంటికి సగం పరాయివి. మరి తల్లి శరీరం ఆ బిడ్డను ఎందుకు తిప్పికొట్టదు? ఈ ప్రశ్నను 1953లో పీటర్ మెడవార్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వేశాడు. ఆమె రక్షణ వ్యవస్థ నిద్రపోదనీ, పనితీరు మార్చుకుంటుందనీ ఇప్పుడు తెలుసు. కొన్ని క్రిముల మీద పోరు మందగిస్తుంది, కొన్నిటి మీద మరీ పెరుగుతుంది. చివరి మూడు నెలల్లో అసలు కష్టం ఊపిరి దగ్గర వస్తుంది.

పెరిగిన గర్భసంచి నెట్టడంతో ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండరం నాలుగు సెంటీమీటర్ల దాకా పైకి జరుగుతుంది. గాలి బయటికి వదిలాక కూడా లోపల కొంత మిగిలి ఉంటుంది. ఆ నిల్వ దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది. ఒంటికి కావలసిన ఆక్సిజనేమో దాదాపు అంతే పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం లాంటిదిది: రోజులు గడిచిపోతాయి, జబ్బు చేస్తేనే తెలుస్తుంది లోటు. న్యుమోనియా వచ్చిందంటే మిగతావాళ్లు రెండు మూడు రోజులు తట్టుకునే చోట, నిండు చూలాలికి గంటల్లోనే ఆక్సిజన్ పడిపోవచ్చు.

పైగా దాన్ని గుర్తుపట్టడమూ కష్టమే. ఎనిమిదో నెలలో ఆయాసం మామూలే. మెట్లెక్కితే రొప్పుతుంది. "కడుపు పెరిగింది కదా, ఉంటుందిలే" అని ఇంట్లోవాళ్లూ అంటారు, పక్క సిస్టరూ అంటుంది, చివరికి తనకు తనూ చెప్పుకుంటుంది. ఇక్కడ తెలుసుకోవలసిన చిన్న కిటుకు ఒకటి ఉంది. గర్భిణి ఒక్కో ఊపిరి లోతుగా తీస్తుందే కానీ, నిమిషానికి ఎన్నిసార్లు తీస్తుందన్న లెక్క పెద్దగా మారదు. కదలకుండా కూర్చున్నప్పుడు ఆ లెక్క 20 దాటితే అది కడుపు బరువు వల్ల వచ్చిన ఆయాసమని సరిపెట్టుకోకూడదు.

కరోనా రెండో వేవ్ గర్భిణుల మీద ఎంత విరుచుకుపడిందో భారత వైద్య పరిశోధన మండలి 2021లో పోల్చి చెప్పింది. గర్భిణులు, బాలింతల్లో మొదటి వేవ్‌లో లక్షణాలు కనపడినవాళ్లు 14.2 శాతం, రెండో వేవ్‌లో 28.7 శాతం. మరణాలు 0.7 శాతం నుంచి 5.7 శాతానికి పెరిగాయి. ఈ అంకెల పక్కన కొన్ని తేదీలు పెట్టి చూడాలి. మన దేశంలో టీకాలు 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితోనే మొదలయ్యాయి. గర్భిణులకు అనుమతి వచ్చింది జులై 2న. మధ్యలో ఏప్రిల్, మే గడిచిపోయాయి. అంటే కడుపుతో ఉన్న నర్సు తన తోటివాళ్లలో చాలామంది రెండు డోసులు వేసుకున్నాక కూడా ఒక్క డోసు లేకుండా ఆ వేవ్‌ను ఎదుర్కొంది. టీకా పరీక్షల్లో గర్భిణులను చేర్చుకోలేదు, పరీక్షించలేదు కాబట్టి టీకా ఇవ్వలేదు. జాగ్రత్త పేరుతో జరిగిన అన్యాయమిది.

టీకా విషయంలో చివరి నెలలకు ఒక మేలు కూడా ఉంది. తల్లి రక్తంలోని యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకు చేరేది ఎక్కువగా చివరి వారాల్లోనే. నెలలు నిండి పుట్టిన బిడ్డలో అవి తల్లిలో కంటే ఎక్కువే ఉండవచ్చు. ఆటలమ్మ సంగతి చూస్తే ఇది ఎంత విలువైనదో అర్థమవుతుంది. ప్రసవానికి అయిదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత దాకా తల్లికి ఆటలమ్మ పొక్కులు లేస్తే బిడ్డకు ప్రాణగండం. వైరస్ అందుతుంది, యాంటీబాడీలు తయారై అందడానికి వ్యవధి ఉండదు. అదే జబ్బు తల్లికి రెండు మూడు వారాలు ముందు వచ్చి తగ్గిపోతే బిడ్డ చాలావరకు గట్టెక్కుతుంది. అందుకే చిన్నప్పుడు ఆటలమ్మ పోయని, ఆ టీకా కూడా పడని నర్సును నిండు నెలల్లో పిల్లల వార్డుకు పంపకూడదు.

ఇక పీపీఈ కిట్. గూడూరు మే నెల ఎండకు ఫ్యాను కింద కూర్చున్నా చెమట కారుతుంది. ఆ వేడిలో ప్లాస్టిక్ సూట్, ఆరేసి గంటలు. మధ్యలో విప్పితే కిట్ వృథా అని చాలామంది డ్యూటీకి ముందే నీళ్లు తాగడం మానేసేవారు. ఎనిమిదో నెలలో మూత్రాశయం మీద కడుపు బరువంతా ఉంటుంది. నీళ్లు తాగక, వచ్చింది ఆపుకుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. అది నెలలు నిండకుండానే నొప్పులు తెప్పించగలదు. వైరస్‌ను ఆపే తొడుగు ఇంకో రకం క్రిమికి తలుపు తీసిందన్నమాట. ఎన్-95 మాస్కు గురించి ఇంత భయం అక్కర్లేదు, తేలికపాటి పనికి అది బిడ్డకు ఆక్సిజన్ తగ్గించదు. కాకపోతే ముఖం వాచినప్పుడు పాత సైజు సరిగ్గా అతకదు, మళ్లీ సరిచూసుకోవాలి.

డ్యూటీ మార్పు గురించి రూల్స్ లేకపోలేదు. 2020 మేలో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన సలహాపత్రం ప్రకారం గర్భిణులైన సిబ్బందిని కోవిడ్ లేని విభాగాల్లోనే వెయ్యాలి, కాకపోతే ఆమె తన స్థితిని అధికారులకు తెలియజేయాలి. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం ప్రసవానికి సుమారు పది వారాల ముందు నుంచి బరువు పనులు, ఎక్కువసేపు నిలబడే పనులు వద్దంది, అదీ ఆమె అడిగితేనే. 2020 సామాజిక భద్రత కోడ్‌లోకీ ఆ మాటే వచ్చింది. రెండుచోట్లా నోరు తెరవాల్సింది ఆమే. కాంట్రాక్టు పొడిగింపు కోసం ఎదురుచూసే నర్సు ఎంతవరకు నోరు తెరుస్తుంది? 2020 ఏప్రిల్‌లో విశాఖ కార్పొరేషన్ కమిషనర్ సృజన గుమ్మళ్ల చంటిబిడ్డతో ఆఫీసుకు వచ్చిన ఫొటో దేశమంతా తిరిగింది. అది ఆవిడ ఇష్టం, ఆవిడ ధైర్యం. కానీ అలాంటి ఫొటో చూపించి "ఆవిడే రాగా లేనిది నీకేం" అనడం ఎంత తేలికో ఆసుపత్రుల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. ఆ ఏడాదే బ్రిటన్ ప్రసూతి వైద్యుల సంఘం 28 వారాలు దాటినవాళ్లను రోగుల దగ్గరకు పంపవద్దని సూచించింది. ఒకరు అడగాలి, ఇంకొకరు ఒప్పుకోవాలి అనే పద్ధతి కంటే వారాల లెక్క మేలు.

ప్రసవ తేదీ స్కానింగ్ రిపోర్టు మీదే ఉంటుంది. అక్కడి నుంచి పన్నెండు వారాలు వెనక్కి లెక్కపెడితే 28వ వారం. డ్యూటీ చార్టు వేసేవాళ్లు ఆ రోజు నుంచి ఫీవర్ ఓపీ, నెబులైజర్ గది, టీబీ వార్డు నుంచి ఆమె పేరు తీసేసి రికార్డుల గదికో ఫోన్ సలహాల పనికో మార్చాలి. ఆ పద్ధతి వచ్చేదాకా, నెలలు నిండుతున్న సిస్టర్లు డ్యూటీ మార్పు కోసం నోటిమాటగా బతిమాలవద్దు, కాగితం మీద రాసి ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. కాంట్రాక్టు ఉద్యోగమైనా సరే, ప్రసవ తేదీకి ముందటి పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే జీతంతో ప్రసూతి సెలవు కూడా మీ హక్కే.