వలసవచ్చిన విద్యార్థి, వాని యాశయములు

ఉన్న ఊరును కన్నతల్లితో పోల్చుట మన తెలుగువారి వాడుక. తల్లిని విడిచిన బిడ్డకు ఎట్టి వెలితి యుండునో ఊరు విడిచినవానికిని అట్టి వెలితియే యుండును. అయినను కరవు వలననో, కలహము వలననో, ప్రాణభీతి చేతనో ఊరు విడువక తప్పని దినము కొందఱికి వచ్చుచుండును. అట్టివారి బిడ్డలు క్రొత్తచోట బడిలో చేరి చదువుకొనునపుడు వారి కోరికలు ఏ రూపము దాల్చునో, దానికి హేతువు లేవో ఈ వ్యాసమున కొంత వివరింపదలచితిమి. ఇది దూరదేశపు ముచ్చట కాదు. మన ఓరుగల్లు సీమయందే కన్నులారా చూడదగిన సంగతి.

పూర్వపు వరంగల్ జిల్లా 2016వ సంవత్సరమున విభజింపబడెను. దాని తూర్పు భాగమున నున్న ఏటూరునాగారము, తాడ్వాయి, మంగపేట, గోవిందరావుపేట ప్రాంతముల యడవులు 2019 నుండి ములుగు జిల్లాలో చేరియున్నవి. ఈ యడవులలో కోయలు తరతరములుగా నివసించుచున్నారు. వారికి తోడుగా గోదావరి కావల నున్న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బస్తరు సీమనుండి వచ్చిన కుటుంబములు చిన్నచిన్న గూడెములు కట్టుకొని యున్నవి. వీరిని ఇచ్చట గుత్తికోయలందురు. మిరపకాయలు కోయుటకై ఆ సీమవారు మన వైపునకు వచ్చుట పూర్వమునుండియు కలదు. కోత ముగిసిన వెంటనే కూలి మూటగట్టుకొని మరలిపోవుచుండిరి. 2005వ సంవత్సరమున ఈ రాకపోకల తీరు మారెను. ఆ యేట జూను మాసమున మావోయిస్టుల కెదురుగా సల్వా జుడుం అను ఉద్యమము అచ్చట ఆరంభమయ్యెను. ఇరుపక్షముల నడుమ పల్లెలు నలిగినవి, ఇండ్లు తగులబడినవి. జనులు కొందఱు శిబిరములకు తరలింపబడిరి. కొందఱు బిడ్డలను భుజముల నెత్తుకొని అడవులుదాటి ఇవతలికి వచ్చిరి. ఆదివాసి యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి, ఆయుధములిచ్చి పోరునకు పంపుట రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తీర్పు వచ్చినది గాని, ఇవతలికి వచ్చిన కుటుంబములలో పెక్కు తిరిగి పోలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పనిచేయుచుండిన ఒక పాఠశాలలో ఎనిమిదవ తరగతి వారిని ‘మా స్వగ్రామము’ అను విషయముపై వ్యాసము వ్రాయుమంటిమి. ఒక బాలుడు తెల్లకాగితమునే యిచ్చెను. సోమరితనమని తలచి మేము సున్న వేసితిమి. తరగతి ముగిసిన పిమ్మట ఆ బాలుడు మెల్లగా వచ్చి, “ఏ ఊరును గూర్చి వ్రాయవలెనండీ? పుట్టిన ఊరిలో ఇండ్లు లేవు. ఉన్న ఊరు ఊరు కాదని సారులు చెప్పిరి” అనెను. విచారింపగా, వారి గూడెము రిజర్వు అడవిలో నున్నదనియు, ప్రభుత్వపు గ్రామముల పట్టికలో దాని పేరు లేదనియు తెలిసినది. పెద్దవాడవై ఏమి కాదలచితివని మఱియొకనాడు అడుగగా తక్కిన పిల్లలవలె వైద్యుడనో, ఇంజనీరునో అగుదునని చెప్పలేదు. “సర్వేయరు నౌదును” అనెను. భూమి కొలువ వచ్చిన మనుష్యుని మాటచేత ఒక ఊరు ఊరు కాకుండ పోవుటను అతడు చూచియుండెను. ఆ మాట చెప్పగలవాడు తానే యైన బాగుండునని అతని కోరిక.

ఈ యొక్క సంగతి మాకు పెక్కు సంగతులను నేర్పినది. సుఖముగా నున్న యింటి పిల్లవాని కోరిక సాధారణముగా తాను చూచిన వైభవమునుండి పుట్టును. వలసవచ్చిన పిల్లవాని కోరిక తాను చూచిన లోటునుండి పుట్టును. జ్వరముతో తమ్ముడు మంచము పట్టినపుడు రోడ్డు లేక దవాఖానకు చేరలేని బాలిక నర్సు కావలెనని కోరును. తండ్రికి వ్రాతపని తెలియక నష్టపోవుటను చూచినవాడు కచేరిలో గుమాస్తా కావలెనని కోరును. పైకి చిన్నవిగా తోచు నీ కోరికలు నిజమునకు చిన్నవి కావు. వీని వెనుక తన వారికి జరిగిన కష్టము మఱి యెవరికిని జరుగకూడదను తలంపు దాగియున్నది.

రెండవ హేతువు భాష. కోయ భాషయు తెలుగును దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందిన యక్కచెల్లెండ్రే. అయినను ఇంట ఆ భాషనే పలికిన పసివానికి బడిలోని తెలుగు పాఠము తొలినాళ్లలో పరాయి పాఠమువలెనే యుండును. పాఠము తెలియకున్న పిల్లవానిని మందమతి యని యెంచుట ఉపాధ్యాయుల కెల్ల సులభముగా పట్టుబడు తప్పు. కాని అదే పిల్లవాడు నాలుగేండ్లలో తెలుగు నేర్చి, సంతలోను, దవాఖానలోను, ఠాణాలోను తలిదండ్రుల తరపున మాటలాడువాడగును. పండ్రెండేండ్లకే ఇంటికి దుబాసియైనవానికి పెద్దరికము ముందుగా వచ్చును. ఆటలాడు కాలము ముందుగా పోవును. తన చదువు తన కొక్కనికే చెందినది కాదని వాడు శీఘ్రముగా గ్రహించును. ఈ గ్రహింపు బలమును ఇచ్చును, బరువును మోపును.

మూడవది కాగితముల సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము 6 మొదలు 14 సంవత్సరముల వయస్సుగల బిడ్డకు ఉచితముగా నిర్బంధ విద్య నొసగవలెను. వయస్సును తెలుపు పత్రము లేదను కారణమున ప్రవేశమును నిరాకరింపరాదు. ఇది గొప్ప మేలు. అయితే ఈ రక్షణ ఎనిమిదవ తరగతితో ముగియును. అటుపైని ఉపకార వేతనమునకును, కళాశాల ప్రవేశమునకును కుల ధ్రువపత్రము మొదలగునవి అడుగుదురు. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రమునకొకటిగా ప్రకటింపబడుట వలన ఒక రాష్ట్రమున ఆ జాబితాలో నున్న కుటుంబము వేఱొక రాష్ట్రమునకు వలసవచ్చినచో ఆ గుర్తింపు వెంటరాదు. మఱియు 2006 నాటి అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13వ తేదీకి ముందే భూమిని అనుభవించుచున్న గిరిజనులకు హక్కు నిచ్చుచున్నది. సల్వా జుడుం ఆరంభమైనది ఆ యేటి జూనులో కదా! ఆ గడువు తరువాత పరుగెత్తి వచ్చినవారికి ఆ చట్టపు తలుపు మూయబడియే యున్నది. వీరు పరదేశీయులు కారు, భారత పౌరులే. స్వదేశమున నుండియు పరదేశులవలె బ్రతుకవలసివచ్చుట వీరి దుఃఖము. ఇందువలననే వీరి బిడ్డలలో చట్టము చదువవలెను, అధికారి కావలెను అను కోరిక కలుగుట వింత కాదు.

తెలుగువారికి ఇట్టి కష్టము క్రొత్తది కాదు. బర్మా దేశమున లక్షకు పైబడిన తెలుగువారు రేవులలోను, మిల్లులలోను పనిచేయుచు స్థిరపడియుండిరి. 1941 డిసెంబరులో రంగూనుపై జపాను బాంబులు పడినవి. 1942లో లక్షలకొలది భారతీయులు కొండలు దాటి కాలినడకన వచ్చిరి. దారిలో వేలకొలది మడిసిరి. యుద్ధానంతరము కొందఱు మరల పోయిరి. 1962 మార్చిలో నే విన్ సేనాని ప్రభుత్వమును చేపట్టెను. 1964లో వ్యాపారములు జాతీయము చేయబడెను. అదే సంవత్సరమున 50, 100 చాట్ల నోట్లు చెల్లవని ప్రకటింపబడెను. జీవితకాలము కూడబెట్టినది ఒక్కదినమున కాగితమయ్యెను. ఓడలెక్కి విశాఖపట్టణమునకు చేరినవారి జ్ఞాపకముగా ఆ నగరమున బర్మా క్యాంపు అను పేట నేటికిని కలదు. నోటు చెల్లకపోవచ్చును గాని నేర్చిన చదువును, చేతిపనిని ఏ ప్రభుత్వమును రద్దుచేయజాలదు. ఈ పాఠము వలసవచ్చిన తలిదండ్రులకు ఎవరును చెప్పనక్కఱలేదు. అందుచేతనే అట్టివారు తాము పస్తుండియైనను బిడ్డను బడికి పంపుదురు.

మన పాఠశాలలలో బొమ్మల పుస్తకములతో భాష నేర్పుట వాడుక. ఈ పద్ధతికి గొప్ప మార్గదర్శి యైన కొమీనియస్ పండితుడు కూడ వలసవచ్చినవాడే. అతడు 1592లో మొరేవియాలో జన్మించెను. మతకలహములచేత 1628లో స్వదేశమును విడిచి పోలండులోని లెస్నోనగరమున తలదాచుకొనెను. 1656లో ఆ నగరము తగులబడగా అనేక సంవత్సరముల వ్రాతప్రతులు బూడిదయయ్యెను. అయినను నిరాశచెందక, 1658లో బాలురకై బొమ్మలతోను, రెండు భాషలలో వివరణతోను పాఠ్యపుస్తకమును ప్రకటించెను. 1670లో పరాయినగరమగు ఆమ్‌స్టర్‌డాములోనే మరణించెను. దేశములు తిరిగి పలుభాషల నడుమ బ్రతికినవాడు గనుకనే, బిడ్డ ముందుగా తన మాతృభాషలో నేర్వవలెనని అతడు గట్టిగా బోధింపగలిగెను.

ఇంతమాత్రముచేత కష్టము మనుష్యుని గొప్పవానిగా చేయునని చెప్పుట అన్యాయము. కొమీనియస్ వంటివాడొకడు వెలసినచో పేరెరుగని వేలమంది దారిలోనే ఆగిపోయిరి. 2019లో ప్రపంచమందలి శరణార్థి యువజనులలో నూటికి ముగ్గురు మాత్రమే ఉన్నతవిద్యకు చేరినట్లును, 2030 నాటికి ఆ సంఖ్యను పదునైదునకు పెంపవలెననియు ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ప్రకటించెను. కోరిక లేకపోవుట దీనికి కారణము కాదు. కోరికకును బడికిని నడుమ దారి తెగుటయే కారణము.

ఆ దారి మనయొద్ద ఎచ్చట తెగునో మాకు తెలియును. మాఘ ఫాల్గుణములలో మిరపకోత సాగును. ఎనుమాముల మార్కెట్టునకు ఎఱ్ఱని బస్తాలు బండ్లకొలది వచ్చు దినములవి. పరీక్షలు దగ్గరపడు దినములు నవియే. కూలికి పెద్దలు పోవగా పసిపిల్లలను చూచుటకో, తామును కోయుటకో పెద్దపిల్లలు బడి మానుదురు. సర్వేయరు నౌదునన్న ఆ బాలుడును అట్టి దినములలోనే రాకపోయెను. కొన్ని వారములు హాజరుపట్టీలో గైర్హాజరు వ్రాసితిమి. పిమ్మట పేరు కొట్టివేసితిమి. గూడెమునకు పోయి విచారించిన వారు మాలో నొక్కరును లేరు. ఆ తప్పు మాది.

కాబట్టి మా మనవి యిది. ఉపాధ్యాయులారా, తెల్లకాగితమునకు సున్న వేయుటకు ముందు ఒక్క ప్రశ్న అడుగుడు. ఫిబ్రవరి నెలలో పేరు కొట్టివేయుటకు ముందు ఒక్కమారు గూడెమునకు నడువుడు. తలిదండ్రులారా, ఆ బిడ్డల ప్రక్కన మీ బిడ్డలు కూర్చుండుట నష్టము కాదు. భూగోళమును పుస్తకమున కాక ప్రక్కనున్నవాని నోట వినుట లాభము. ములుగులో గిరిజన కేంద్ర విశ్వవిద్యాలయమును స్థాపించుటకు 2023లో పార్లమెంటు చట్టము చేసెను. దాని ద్వారమువఱకు ఈ గూడెముల బిడ్డలు చేరుటకు వలయు మెట్లు మన యున్నత పాఠశాలలే గదా!

విద్యార్థులారా, యోసేపును దానియేలును పరదేశమున పెరిగినవారే యని మీరు వేదపాఠములలో చదివితిరి. అన్యదేశమున వారికి చోటిచ్చినవారు కొందఱుండుట చేతనే వారి జ్ఞానము అందఱికిని ఉపయోగపడెను. మీ తరగతిలో క్రొత్తగా వచ్చినవాడు మాటలాడక మూలను కూర్చుండినచో, వానిని మీ బల్లకు పిలువుడు. వాని ఊరి పేరడుగుడు. చెప్పుటకు తడబడినచో తొందర పెట్టకుడు.