కాశిలో వెల యడుగుట పాపము కాదు



కాశికి పోయినవారును కాటికి పోయినవారును ఒక్కటే యని మన పూర్వులు చెప్పుకొనెడివారు. ఆ కాలమున దారి పొడవునను అడవులు, రోగములు, దొంగలు. 1830-31 సంవత్సరములలో చెన్నపట్టణమునుండి కాశికి పోయివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఏ మజిలీలో ఏమి దొరకునో, ఎచ్చట దిగుటకు వసతి కలదో యెల్ల వ్రాసి యుంచిరి. నేడు రైలెక్కినచో ఒకటి రెండు దినములలో గంగ యొడ్డున నుందుము. దారి భయము తొలగినది. ఊరిలోని మాయమాటల భయము మాత్రము మిగిలియున్నది.

కార్తికము మొదలు శివరాత్రి వరకు కాశి జనసమ్మర్దముతో నిండియుండును. అందుచేత పిల్లల సెలవులను, తక్కువ అద్దెలను చూచుకొని మే, జూన్ నెలలలో బయలుదేరువారు పెక్కురు. ఎండ 40 డిగ్రీలను దాటుననుట నిజమే గాని, తెల్లవాఱుజామున స్నానమును, దర్శనమును ముగించుకొన్నచో బాధ తక్కువ. ఇచ్చట నొక సంగతి గమనింపవలెను. మనకు మాసము అమావాస్యతో ముగియును. ఉత్తరదేశమున పూర్ణిమతో ముగియును. కావున మన ఆషాఢ బహుళము వారికి శ్రావణమే. మన పంచాంగము చూచి శ్రావణము రాలేదు గదా యని పోయినవారు కావడులెత్తుకొని వచ్చు జనసముద్రములో చిక్కుకొందురు.

రద్దీ లేని కాలమున సౌకర్యములతోపాటు ఒక చిక్కును కలదు. యాత్రికులు నిండుగా నున్నప్పుడు ఒకరి నడిగి యొకరు వెల తెలిసికొందురు. మండుటెండలో ఒంటిగా దిగిన కుటుంబమునకు ఆ యండ లేదు. బేరములు లేని దినమున వచ్చిన ఒక్క బేరమునుండియే నాలుగు దినముల రాబడిని లాగ జూచువారు కొందఱుందురు. కాశిలోని పడవవారును, పురోహితులును, బండ్లవారును అందఱు నట్టివారే యని నా భావము కాదు. న్యాయముగా బ్రదుకువారే యెక్కువ. కాని వారు మన వెంటబడి పిలువరు; వెంటబడి పిలుచువారే మనకు ముందుగా కనబడుదురు.

నే నెఱిగిన యొక పెద్దమ్మగారు, భర్త పోయిన మఱుసటి యేట, ఒక జ్యేష్ఠమాసపు మధ్యాహ్నమున గంగ మెట్లమీద సంకల్పమునకు కూర్చుండిరి. అడుగకయే వచ్చిన యొక మనుష్యుడు నూటపదియార్లు చాలునని కూర్చుండబెట్టెను. చేతిలో నీరు పోసి, పోయినవారి గోత్రనామములను చెప్పించి, అచ్చట నాపి, "ఐదువేలు సమర్పించుచున్నానని పలుకుడు; లేనిచో వారికి చేరదు" అనెను. చేతిలో నీళ్లతో ఆమె లేవలేకపోయిరి. తిరుగు ప్రయాణమునకై కొంగున ముడివేసికొన్న డబ్బు విప్పి యిచ్చిరి. ధనము పోయినందుకు ఆమె యెన్నడును విలపింపలేదు. "వారి పేరు చెప్పు క్షణమున నా మనసు డబ్బుమీద నుండెను గదమ్మా" యని మాత్రము నేటికిని కంట నీరు పెట్టుకొందురు.

అమ్మలారా, మనలను మోసగించువారు మన మర్యాదను, పాపభీతిని ఆసరాగా తీసికొందురు. వెల యడిగినచో పుణ్యము తగ్గునని మనము సంకోచింతుము. ఆ సంకోచమే వారి పెట్టుబడి. కావున సంకల్పమైనను, పడవయైనను, బండియైనను, కాలు మోపక మునుపే అడుగవలసినదంతయు అడుగవలెను. "సబ్ మిలాకర్ కిత్నా?" అనగా "అన్నియు కలిపి ఎంత?" అను మూడు మాటలు హిందీ రానివారు సైతము నేర్చుకొనదగినవి. దక్షిణ, సామగ్రి, దానము అన్నియు కలిపిన మొత్తమును ముందే పలికించి, ప్రక్కనున్నవారు వినునట్లు మఱొకసారి చెప్పించుకొనుడు. మీ సత్రమువారు చూపిన పురోహితుని వద్ద కర్మ జరుపుకొనుట అన్నిటికంటె మేలు.

ఇల్లు కదలక మునుపే జాగ్రత్త మొదలు కావలెను. సత్రముల పేరిట దొంగ వెబ్‌సైటులు పుట్టుచున్నవి. ఫోనులో మొదట కనబడిన నంబరునకు బయానా పంపక, అచ్చట దిగి వచ్చిన బంధువులను అడిగి నంబరు తీసికొనుడు. ఎవరో యొక మనుష్యుని సొంత ఖాతాకు డబ్బు పంపుమనినచో సంశయింపుడు. రద్దీ లేని నెలలలో గదులకు కొఱత యుండదు. "ఇప్పుడే పంపనిచో గది పోవును" అని తొందరపెట్టుటయే మోసమునకు గుర్తు.

టిక్కెట్టుమీద స్టేషను పేరును చక్కగా చదువుకొనుడు. వారణాసి జంక్షను, బనారసు, వారణాసి సిటీ, కాశి అని నాలుగు స్టేషనులు కలవు. 2018 వరకు మొగల్‌సరాయి యనబడిన పండిత దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షను వీనికి వేఱుగా గంగకు ఆవలివైపున దూరముగా నున్నది. ఎచ్చట దిగుదుమో తెలియనిదే బండి కిరాయి యెంతో తెలియదు. కిరాయి మాటలాడునప్పుడు తలకా, బండికా యని అడుగుడు. వంద యని యెక్కించుకొని, దింపునప్పుడు తలకు వంద యనుట పాత మాయ. "మీ సత్రము మూతపడినది, మంచిచోటు నేను చూపెదను" అని బండివాడు చెప్పినచో, మీ ఫోనునుండి మీరే సత్రమునకు మాటలాడుడు. అతడందించిన ఫోనులో కాదు. పరదేశమున మన తెలుగు చెవిని బడగానే ప్రాణము లేచివచ్చును. కాని తెలుగు పలికిన ప్రతివారును బంధువులు కారు.

విశ్వనాథుని ధర్మదర్శనమునకు రుసుము లేదు. 2021 డిసెంబరులో క్రొత్తగా తీర్చిన ప్రాంగణము ప్రారంభమైన పిదప గంగవైపునుండియు గుడికి దారి యేర్పడినది. త్వరితదర్శనమునకు టిక్కెట్టు కావలసినచో దేవాలయమువారి కౌంటరునందే, లేదా వారి వెబ్‌సైటునందే కొనవలెను. లోనికి ఫోను తీసికొనిపోరాదు. ఆ యవసరమును కనిపెట్టి, సామాను ఉచితముగా దాచెదమని పిలిచి, పూజపళ్లెమును హెచ్చు వెలకు అంటగట్టు దుకాణములున్నవి. ఫోనులను బసలోనే విడిచిపోవుట సుఖము. దశాశ్వమేధ ఘట్టమున సాయంకాలపు హారతిని మెట్లమీద కూర్చుండి చూచుటకును పైసా యీయనక్కఱలేదు.

పడవ యెక్కునప్పుడు ఏ ఘట్టమునుండి ఏ ఘట్టము వరకు, ఎంతసేపు, పడవ మొత్తమునకు ఎంత యని తేల్చుకొని, దిగిన పిదపనే సొమ్ము నిండు. వానకాలమున గంగ పొంగినప్పుడు అధికారులు పడవలను నిషేధింతురు. అప్పుడు చాటుగా తీసికొనిపోయెదమను వారిని నమ్మినచో పోవునది డబ్బు మాత్రమే కాదు. మణికర్ణికయొద్ద దిక్కులేనివారి చితికి కట్టెలని చందా యడుగువారును, ఫోటో తీసితిరి జుల్మానా కట్టుడని బెదిరించువారును తారసపడుదురు. అచ్చట ఫోటో తీయకుండుట మన ధర్మము. మాటలాడక నమస్కరించి సాగిపోవుట క్షేమము.

ఇక చీరల ముచ్చట. గుడి మూసియున్నదని, మ్యూజియము లేదని చెప్పి బండివారు కొందఱు మనలను చీరల దుకాణమునకు చేర్తురు. వారి కమీషను మన చీర వెలలో కలియును. సారనాథ్‌లోని మ్యూజియమునకు శుక్రవారము సెలవు. తక్కిన దినములలో ఆ మాట వినినచో స్వయముగా పోయి చూడుడు. బనారసు చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను మరమగ్గముమీద నేసిన కృత్రిమపు నూలు చీరలు ఆ పేరుతోనే అమ్ముడగుచున్నవి. సిల్కు మార్కు పట్టు శుద్ధమని చెప్పును. చేతిమగ్గపు నేతయని చెప్పదు. దానికి హ్యాండ్‌లూమ్ మార్కు వేఱుగా నున్నది. దుకాణదారుని యనుమతితో అంచు కుచ్చునుండి యొక పోగు తీసి కాల్పించుడు. పట్టు కాలినచో వెండ్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వ్రేళ్లనడుమ పొడియగును; పాలియెస్టరు కరగి గట్టి పూసయగును. పరీక్షకు ఒప్పుకొనని దుకాణమును విడిచిపెట్టుడు.

ఫోనుతో చెల్లించునప్పుడు తెరమీద వచ్చు పేరును చదివి సరిచూచుకొనుడు. మనకు డబ్బు వచ్చుటకు రహస్యసంఖ్య కొట్టవలసిన పని ఎన్నడును లేదు. అట్లడిగినవాడు దొంగయే. ఫోను ద్వారా సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930కి తెలుపుడు. ఎంత త్వరగా తెలిపినచో డబ్బును నిలుపుటకు అంత యవకాశము. ఆపదలో 112 కలదు. యాత్రికుల సహాయమునకు 1363 కలదు.

ఈ జాగ్రత్తలన్నియు లోభము కొఱకు చెప్పినవి కావు. ఇచ్చదలచిన దానము నిండుమనసుతో నిండు. తెల్లవాఱుజామున జనము పలుచగానున్న మెట్లమీద కూర్చుండి, లెక్కలన్నియు ముందే తీర్చుకొన్నచో, చేతిలో గంగనీరు పట్టినప్పుడు మన మనసున మనవారి పేరు తప్ప మఱియొకటి యుండదు. ఆ పెద్దమ్మగారికి దక్కనిది అదియే. అది మీకు దక్కవలెనని నా కోరిక.